నీటి గుర్తులు రాయించిన మా సార్

1968లో పట్టణ ప్రణాళిక శాఖలో ట్రేసరుగా, అంటే పటాలకు ఇంకుతో నకళ్లు గీసేవాడిగా, చేరిన మొదటి రోజున నా చేతికి ఇచ్చింది పెన్ను కాదు, సుద్దపొడి కట్టిన చిన్న గుడ్డమూట. శాశ్వతంగా ఉంచదలచిన పటాలన్నీ అప్పట్లో ట్రేసింగ్ క్లాత్ మీదే ఎక్కించేవాళ్లం. అది గంజి పట్టించిన పలుచని బట్ట. ఒక్క చెమటచుక్క పడితే గంజి కరిగి మచ్చకట్టేది, జిడ్డు తగిలితే ఇంకు పట్టేది కాదు, అందుకని పని మొదలుపెట్టే ముందు ఆ మూటతో బట్టంతా అద్ది, మెత్తని గుడ్డతో తుడిచి, ముంజేతి కింద ఒక కాగితం ముక్క వేసుకుని కూర్చోవాలి. నేను ఆ పని చేస్తుండగా వెనక నుంచి ఒకాయన వచ్చి నిలబడి, కాసేపు చూసి, "అబ్బాయ్, ఈ గీత ఎక్కడ పోతున్నదో చూశావా?" అన్నారు. కింద పెట్టిన పెన్సిలు పటంలో చూశానని చెప్పాను. "పటంలో కాదు, నేల మీద" అని, మర్నాడు ఉదయం ఆరు గంటలకు సైకిలు తీసుకుని రమ్మన్నారు. ఆయనే మా సార్. ఆఫీసులో అందరూ హోదాతోనో ఇంటిపేరుతోనో పిలిచినా, నాకు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన మా సారే. పేరు రాయడం ఆయన కుటుంబానికి ఇష్టం లేదు గనుక ఇక్కడ కూడా అలాగే ఉంచుతున్నాను.

సార్ మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, రోడ్ల పనిలో కొన్నాళ్లు ఉండి, 1955లో ఢిల్లీలో పట్టణ, గ్రామీణ ప్రణాళిక పాఠశాల మొదలైన తొలి రోజుల్లో అక్కడికి వెళ్లి చదువుకున్నారు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ తయారవుతున్న కాలమది. 1957లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడడం, విదేశీ నిపుణులు వచ్చి కూర్చోవడం, 1962లో ఆ ప్లాన్ అమలులోకి రావడం, ఇవన్నీ ఆయన తరం ప్రణాళికకారుల కళ్లముందు జరిగాయి. అక్కడే ఉండిపోయే అవకాశం ఉన్నా ఆయన తిరిగి వచ్చేశారు. ఇక్కడ ఆయన చేతిలో ఉన్న ఆయుధం 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం ఒక్కటే. తెల్లదొరల కాలంలో చేసిన ఆ చట్టమే ఆంధ్ర ప్రాంతంలో మా పనికంతటికీ ఆధారం. దాని కింద ఊరంతటికీ ఒక జనరల్ టౌన్ ప్లానింగ్ స్కీము, అందులో ముక్కముక్కకీ వివరమైన స్కీములు తయారుచేయాలి, ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, ప్రభుత్వ ఆమోదం పొందాలి, గెజిట్‌లో పడాలి. గెజిట్‌లో పడేదాకా పటం ఒట్టి బొమ్మేనని ఆయన మాకు రోజుకు ఒకసారైనా చెప్పేవారు. నివాసాలకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ, ప్రభుత్వ సంస్థలకు ఎరుపు వేసి మురిసిపోతున్న మాకు ఆ మాట చేదుగా ఉండేది. తర్వాత ఆయన జీవితంలో జరిగినదంతా ఆ ఒక్క మాట వెంట నడిచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు ఉదయం వెళ్లాం. నేను ట్రేస్ చేస్తున్న గీత విజయవాడ శివార్లలో వేయదలచిన అరవై అడుగుల రోడ్డు. సార్, నేను, కొలత గొలుసు లాగే చైన్‌మన్ ఒకాయన, ముగ్గురం ఆ గీత మీద నడిచాం. గంటర్ చైను అరవై ఆరు అడుగులు, నూరు లింకులు. ఒక కొస చైన్‌మన్ పట్టుకుని ముందు నడిస్తే, రెండో కొస పట్టుకుని నేను వెనక నడిచాను. పద్నాలుగో చైను దగ్గర మేము ఒక పెంకుటింటి అరుగు మీదికి ఎక్కాం. అరుగు మీద ఒక ముసలావిడ చేటలో బియ్యం చెరుగుతూ ఉంది. ఎవరు మీరని అడిగింది. రోడ్డు కొలుస్తున్నామని చైన్‌మన్ చెప్పగానే చేట పక్కన పెట్టి, "రోడ్డు అక్కడ కదా నాయనా ఉంది, ఇక్కడ కొలుస్తారేం?" అంది. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సార్ చెప్పులు విడిచి అరుగు కొసన కూర్చుని, పటం విప్పి, ఆమె ఇల్లు అందులో ఎక్కడుందో వేలితో చూపించి, "అమ్మా, మేము గీసిన గీత మీ ఇంట్లోంచి పోతోంది. అది తప్పనిసరో కాదో చూడడానికే వచ్చాం" అన్నారు. ఆమె ఆ పటాన్ని తలకిందులుగానే చూసింది. చూసి, తన బావి ఎక్కడ పెట్టారని అడిగింది. బావి మా పటంలో లేదు.

ఆ బావి నీళ్లు చుట్టుపక్కల పదిహేడు ఇళ్లవాళ్లు తోడుకుంటున్నారని మధ్యాహ్నం దాకా తిరిగాక తెలిసింది. సార్ ఇంటింటికీ వెళ్లి అడిగి ఆ పదిహేడు లెక్క నాచేత రాయించారు. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం వైపుకు గీతను పద్దెనిమిది అడుగులు జరిపితే ఇల్లూ బావీ రెండూ నిలుస్తాయి, వంపు మాత్రం కొంచెం వస్తుంది. ఆఫీసుకు వచ్చాక నేను బ్లేడుతో ట్రేసింగ్ క్లాత్ మీది ఇంకు గీతను గీకి తీసేశాను. ఆ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. కొంచెం గట్టిగా గీకితే బట్ట పీచు లేస్తుంది, మళ్లీ ఇంకు పెడితే అక్కడ పాకుతుంది. గీకిన చోట గోటితో రుద్ది నునుపు చేసి కొత్త గీత గీశాను. ఈ రోజుకీ ఆ రోడ్డు మీద ఆ వంపు ఉంది. బావి పూడిపోయి చాలా ఏళ్లయింది, పెంకుటిల్లు పోయి నాలుగంతస్తుల భవనం లేచింది, ఆ వంపు ఎందుకు వచ్చిందో అక్కడ ఎవరికీ తెలియదు. బస్సులో ఆ మలుపు తిరిగినప్పుడల్లా నా ఒళ్లు ఒకవైపుకు ఒరుగుతుంది, చేట పట్టుకున్న ఆ చేతులు గుర్తుకొస్తాయి.

ఇలా నడవడం ఆయన సొంత అలవాటు కాదు. తన గురువుల గురువుగా ఆయన పాట్రిక్ గెడ్డెస్‌ను చెప్పుకునేవారు. ఆ స్కాట్లండ్ పండితుడు 1914లో తన నగరాల ప్రదర్శనతో మన దేశానికి బయలుదేరితే, ఆ సామాను వస్తున్న ఓడను మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెనే సముద్రంలో ముంచేసింది. ఏళ్ల తరబడి పోగుచేసిన పటాలు, చిత్రాలు మొత్తం పోయాయి. స్నేహితులు మళ్లీ పోగుచేసి పంపిన సరంజామాతో 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టి, ఆ తర్వాత మన పాత ఊళ్ల సందుల్లో కాలినడకన తిరిగి, పడగొట్టి వెడల్పు చేయడమే బాగుచేయడం కాదని, వీలైనంత తక్కువ కోతతో ఊరిని బతికించాలని అధికారులకు నచ్చజెప్పడానికి ఆయన ప్రయత్నించాడు. పటాలన్నీ మునిగిపోయినవాడు నడకను నమ్ముకున్నాడని సార్ చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక గర్వం ఉండేది, ఏదో సొంత ఇంటి పెద్ద గురించి చెబుతున్నట్టు.

నా మనసులో అన్నిటికంటే లోతుగా నాటుకుపోయినది మాత్రం బుడమేరు పని. విజయవాడకు దక్షిణాన కృష్ణ ఉంది. ప్రకాశం బ్యారేజీ, కాలువలు, కొండ, అమ్మవారు, అన్నీ ఆ వైపే కాబట్టి ఊరు నీటిని గురించి ఆలోచిస్తే దక్షిణం వైపే చూస్తుంది. ఉత్తరాన మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరును ఎండాకాలంలో చూసినవాళ్లు దాన్ని ఏరనడానికి కూడా ఒప్పుకోరు. కొండల్లో గట్టి వాన కురిస్తే మాత్రం ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి వరదలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా ఉంటే ఆ నీరు అటు పోలేక నిలబడిపోతుంది. రెండూ ఒకే రోజున వస్తే ఏమిటన్నదే సార్‌ను వెంటాడిన ప్రశ్న.

దానికి జవాబు ఏ రికార్డులోనూ పూర్తిగా లేదు. అందుకని 1969 శీతాకాలంలో మేము బుడమేరు వెంట ఊరూరా తిరిగాం. మైలుకు పదహారు అంగుళాల స్కేలులో ఉన్న గ్రామ పటాలు, ఒక్కో సర్వే నంబరు కొలతలుండే ఎఫ్‌ఎంబీ కాగితాలు ఒక గుడ్డ సంచిలో పెట్టుకుని, పెద్ద వయసువాళ్లను వెతికి పట్టుకుని, మీకు తెలిసిన పెద్ద వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందని అడగడమే పని. ఒకరు గుడి ధ్వజస్తంభం పీఠం చూపించేవారు. ఒకరు గాదె మెట్టు చూపించేవారు. ఒక రైతు తన దొడ్లో చింతచెట్టు మొదట్లో చెయ్యి పెట్టి, ఆ రాత్రి గేదె ఇక్కడికి మెడ ఆనించి నిలబడిందని, తెల్లవారేదాకా దాని చెవి పట్టుకుని తాను కొమ్మ మీద కూర్చున్నానని చెప్పాడు. సార్ ఆ చెయ్యి తీయవద్దని చెప్పి, చైన్‌మన్ చేత లెవలింగ్ స్టాఫు అనే అంకెల కొలకర్ర అక్కడ నిలబెట్టించి, తానే ఎత్తులు చూసే దుర్భిణి డంపీ లెవెల్లో చూసి అంకె చెబితే నేను పుస్తకంలో రాసుకున్నాను. "ఎవరైనా గోడకు సున్నం వేసేలోగా నీటి గుర్తు రాసుకోవాలి అబ్బాయ్. సున్నం వేశాక వరద రాలేదంటారు" అన్నారు. దాదాపు రెండు నెలల్లో నూటికి పైగా గుర్తులు పోగయ్యాయి. వాటిని కలుపుతూ ఆయన నీలిరంగు పెన్సిలుతో ఒక గీత గీశారు. ఆ గీతకు లోపల ఇళ్ల స్థలాలు వద్దని, పొలాలుగానో తోటలుగానో ఉంచాలని ప్రతిపాదన.

నేను దాన్ని ఇంకులోకి ఎక్కించేటప్పుడు ఒక చిన్న తగువు వచ్చింది. ఆ గీత పక్కన "ఇది గరిష్ఠం కాదు. చెప్పినవారికి గుర్తున్నంత మాత్రమే" అని రాయమన్నారు. పటంలో అలాంటి వాక్యానికి చోటు లేదు, గుర్తుల పట్టికలో ఏ గడిలోనూ ఇమడదు, పైవాళ్లు అడుగుతారని నేను నసిగాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఈ పటం చూసి ఎవరో ఒకతను గీతకు ఇవతల రెండు గజాల్లో ఇల్లు కట్టుకుంటాడని, గీత అవతల ఉంటే ప్రమాదం, ఇవతల ఉంటే క్షేమం అనుకుంటాడని, ఆ నమ్మకాన్ని మనం ఇవ్వకూడదని ఓపికగా చెప్పారు. నేను రాశాను. ఆ కాలపు నా చేతిరాత గుండ్రంగా, ముద్రలాగా ఉండేది, ఆ వాక్యం మాత్రం కొంచెం ఒరిగి పడింది. అమ్మోనియా ఆవిరితో పటానికి నకలు, అంటే అమ్మోనియా ప్రింటు, తీసినప్పుడు, ఆ ఘాటుకు కళ్లనీళ్లు కారుతుండగా, మొదట ఆ వాక్యమే వచ్చిందా లేదా అని చూసుకున్నాను.

ఆ పటం పైకి వెళ్లింది. కొంతకాలానికి నీలిగీత లేని మరొక పటం కిందికి వచ్చింది. ఈ మధ్యలో ఎవరెవరు వచ్చి సార్ గదిలో కూర్చున్నారో, ఏ గొంతుతో మాట్లాడారో నాకు తెలుసు. ఆయన ఎవరి పేరూ బయట చెప్పలేదు, నేనూ చెప్పను. బదిలీ కాగితం మాత్రం పన్నెండు రోజుల్లో వచ్చింది. వీడ్కోలు సభలో దండ వేయించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. ఒక ప్రింటు మాత్రం చుట్టి నా చేతికిచ్చి, ఇంట్లో పెట్టుకోమన్నారు.

ఉద్యోగం నుంచి విరమించాక ఆయన శాసన మండలికి పోటీ చేస్తున్నారని తెలిసి మేమంతా ఆశ్చర్యపోయాం. ఎన్నడూ వేదిక ఎక్కని మనిషి. పట్టభద్రుల స్థానం అది. రాజ్యాంగం ప్రకారం మండలిలో పన్నెండో వంతు సభ్యులను డిగ్రీ పొంది మూడేళ్లు దాటినవాళ్లు ఎన్నుకుంటారు. ముద్ర వేయడం ఉండదు, ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం అంకెలు వేయాలి. అలాంటి ఎన్నిక కాబట్టే పార్టీ లేని, డబ్బు లేని మనిషి నిలబడగలిగాడు. లెక్చరర్లు, ప్లీడర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు ఉన్న ఇళ్లకు ఆయన పాత పద్ధతిలోనే, నడిచే వెళ్లారు. కరపత్రంలో వాగ్దానాలు లేవు. ఒక పక్క తన ఉద్యోగ వివరాలు, రెండో పక్క ఊళ్ల ప్రణాళిక చట్టంలో మార్చవలసినవి వేయించారు. మొదటి ప్రాధాన్యం ఓట్లలో ఆయన మూడో స్థానంలో ఉన్నారు. కింది అభ్యర్థులు ఒక్కొక్కరే తప్పుకుంటూ వాళ్ల రెండో ప్రాధాన్యం ఓట్లు పంచినకొద్దీ ముందుకు వచ్చి, అర్ధరాత్రి దాటాక గెలిచారు. చాలామందికి ఆయన మొదటి ఇష్టం కాదు, అందరికీ రెండో ఇష్టం. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన సంతోషంగా తల ఊపి, మంచి ప్లాన్ కూడా అంతేనన్నారు.

సమావేశాలప్పుడు ఆయన హైదరాబాదులో ఆదర్శనగర్ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఉండేవారు. రెండు మూడుసార్లు నేను సెలవు పెట్టి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి ఆయన దగ్గర ఉన్నాను. గదిలో మంచం, బల్ల, బల్ల మీద బిల్లుల కట్టలు. ఆయన బిల్లును చదివే తీరు చూసి నాకు మా సర్వే పనే గుర్తుకొచ్చింది. ఎర్రపెన్సిలు పట్టుకుని ఒక్కొక్క క్లాజు దగ్గర ఆగి, ఇది ఎవరి ఇంటి మీదుగా పోతోందని పైకే అడుక్కునేవారు. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) అంటే ఏమిటో, రోడ్డు వెడల్పుకూ భవనం ఎత్తుకూ సంబంధం ఏమిటో తోటి సభ్యులకు మాటల్లో చెబితే అందడం లేదని, నాచేత తెల్లకాగితాల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించి, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న శాసనసభ ప్రాంగణానికి చంకలో పెట్టుకుని వెళ్లేవారు. పై సభకు అధికారం తక్కువని ఆయనకు బాగా తెలుసు. ద్రవ్య బిల్లును పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లునైతే మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఒక నెల, అంతే. ఆ నాలుగు నెలలు ఒక మాటను పదిమంది చెవిన వేయడానికి చాలునని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం నన్ను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు తీసుకెళ్లి చింతచెట్టు చూపించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరంలో మురుగు కాలువలతో సరిపెట్టకుండా ఎగువన నీటిని ఆపాలని ఆయన చెప్పబట్టే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు పుట్టింది. సార్ ఆ చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. బుడమేరు గట్టున గేదె చెవి పట్టుకున్న రైతు ఆయనకు గుర్తుకొచ్చి ఉంటాడని నాకు తెలుసు. నాకూ అతనే గుర్తుకొచ్చాడు.

ఆయన శాసన జీవితంలో నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది విజయం కాదు. పట్టణాభివృద్ధికి సంబంధించిన ఒక సవరణ బిల్లు వచ్చినప్పుడు ఆయన రెండు సవరణలు ప్రతిపాదించారు. ముసాయిదా ప్రణాళికను ప్రకటించేటప్పుడు గెజిట్‌తో పాటు సర్వే నంబర్లతో సహా తెలుగులో రాసి ఆ వార్డులోనే అంటించాలన్నది మొదటిది. ఏరుల పక్కనున్న ప్రతి ఊరి పటం మీద, తెలిసిన పెద్ద వరద గీతను తప్పనిసరిగా చూపించాలన్నది రెండోది. ఆ రాత్రి గదిలో నేనే కార్బన్ పెట్టి వాటిని శుభ్రంగా రాసిచ్చాను. మర్నాడు సందర్శకుల గ్యాలరీలో కూర్చుని విన్నాను. పదకొండు నిమిషాలు మాట్లాడారు. గొంతు పెద్దది కాదు, సభ నిశ్శబ్దమైంది. సమాధానమిస్తూ అమాత్యులు సభ్యుల అనుభవాన్ని చాలా మెచ్చుకుని, ఇవి చట్టంలో కాకుండా నియమాల్లో చేర్చవలసినవని, తప్పక పరిశీలిస్తామని హామీ ఇస్తూ సవరణలను ఉపసంహరించుకోమని కోరారు. సార్ ఒక్క క్షణం ఆగారు. కాగితాల వైపు చూశారు. "గౌరవనీయులైన మంత్రిగారి హామీ మేరకు నా సవరణలను ఉపసంహరించుకుంటున్నాను" అని కూర్చున్నారు.

నియమాలు వచ్చాయి. అందులో ఆ రెండూ లేవు. ఓటింగుకు పెట్టినా ఓడిపోయేవేనని, మీరు చేయగలిగింది ఏమీ లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఓడిపోయినా సభా చర్యల్లో ఓటింగు ఉండేదని, పదిమంది ఎవరు ఎటు నిలబడ్డారో కాగితం మీద ఉండేదని, తాను మర్యాదకు లొంగి ఆ గుర్తును తన చేతులతోనే సున్నం వేసి చెరిపానని అన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో బదిలీలకు లొంగని మనిషి ఒక మెచ్చుకోలుకు లొంగిపోయానని బాధపడడం చూసి నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కానీ ఆ బాధ నిజమైనది, అంత బాధ పడగల మండలి సభ్యుడు మనకు ఒకరు ఉండేవారని చెప్పుకోవడం నాకు ముఖ్యం.

ఆయన పదవీకాలం పూర్తి కాలేదు. మండలి అక్కర్లేదని 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో శాసనసభ తీర్మానం చేసింది. 1985లో పార్లమెంటు చట్టంతో 1958లో పుట్టిన పెద్దల సభ రద్దయింది. ఓడిపోకుండానే, రాజీనామా ఇవ్వకుండానే ఒక్కరోజులో ఆయన మాజీ అయ్యారు. క్వార్టర్స్ ఖాళీ చేయడానికి నేను వెళ్లాను. పుస్తకాలు, బిల్లులు, నేను వేసిన బొమ్మల చుట్టలు, పటం మీద విస్తీర్ణం కొలిచే ఒక ప్లానిమీటరు, అంతే సామాను. సభ ఉండాలా వద్దా అని ఆయన వాదించలేదు. తన రెండు సవరణల మీద మళ్లీ నోటీసు ఇద్దామనుకున్నానని, ఆ పని మిగిలిపోయిందని మాత్రం రైల్లో అన్నారు. ఆ మండలి 2007లో తిరిగి వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

చివరి ఏళ్లలో ఆయనకు దక్కిన ఒక పెద్ద సంతోషం 74వ రాజ్యాంగ సవరణ. 1993 జూన్ 1న అది అమలులోకి వచ్చిన వారంలో నాకు కార్డు రాశారు. పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులు పద్దెనిమిది ఉంటే, మొదటిదే పట్టణ ప్రణాళిక అని, వార్డు కమిటీలు కూడా పెట్టమన్నారని, ఇక పటం ఊరివాళ్ల చేతికి వస్తుందని ఆ చిన్న కార్డులో అంచుల దాకా అడ్డంగా, నిలువుగా రాశారు. ఆ ఆశ ఎంతవరకు తీరిందో అందరికీ తెలిసిందే. ఆయన మాత్రం అది తీరుతుందనే నమ్మకంతోనే 1996లో వెళ్లిపోయారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు, కృష్ణ రెండూ ఒకేసారి వచ్చాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం వైపు లక్షలమంది రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయారు. పడవలు చాలక డ్రోన్లతో అన్నం పొట్లాలు వేయవలసి వచ్చింది. మా మేనల్లుడి కుటుంబం మేడ మీద నాలుగు రాత్రులు గడిపింది. వాళ్లు క్షేమంగా బయటపడ్డాక నేను బీరువాలోంచి ఆ పాత ప్రింటు తీశాను. అమ్మోనియా ప్రింట్లు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి. గీతలు లేత గోధుమరంగుకు తిరిగాయి. మేనల్లుడి ఇల్లు ఎక్కడుందో వెతికి చూస్తే సార్ గీతకు బాగా ఇవతల, అంటే మేము క్షేమమనుకున్న వైపున ఉంది. నీళ్లు గీత దాటి ఎన్నో వీధులు వచ్చాయి. దాని పక్కన నా పాతికేళ్ల లోపు చేతిరాతలో, కొంచెం ఒరిగి, ఆ వాక్యం ఉంది.

నీళ్లు తీసి, జనం ఇళ్లు కడుక్కోవడం మొదలుపెట్టిన రోజున నేను ఒక టేపు, ఒక సుద్దముక్క, రూళ్ల నోటుబుక్కు తీసుకుని మేనల్లుడి వీధికి వెళ్లాను. అప్పటికి నా వయసు డెబ్బై ఆరు, ఎక్కువ దూరం నడవలేను. మొదటి ఇంటి గోడ మీద బురద అంచు స్పష్టంగా ఉంది. అరుగు నుంచి కొలిస్తే ఐదు అడుగుల రెండు అంగుళాలు. రెండో ఇంట్లో ఒకమ్మాయి అప్పటికే చీపురుతో గోడ రుద్దుతోంది. ఆగమని అడిగి, ఆ అంచు మీద సుద్దతో గీత గీసి, కొలిచి రాసుకున్నాను. ఎందుకండీ తాతగారూ ఇదంతా అని అడిగింది. ఇంటి నంబరు చెప్పమన్నాను. చెప్పింది. అదీ రాసుకుని, పక్కింటి గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.